బర్మాలో నీళ్లిచ్చినవాడి రాయి

మా నాయన బర్మా యుద్ధం నుంచి కుంటికాలితో కమలాపురం తిరిగొచ్చాడు. అక్కడ గాయపడి అడవిలో పడివుంటే, ఒక జపాను సిపాయి తుపాకి పక్కన పెట్టి, తన సీసాలోని నీళ్లు తాగించి, కాలికి కట్టు కట్టి వెళ్లిపోయాడట.

కర్నూలు రాజధాని అయిన ఏడాది, మా చేని గట్టున నాయన అతని కోసం ఒక నాపరాయి నిలబెట్టాడు.

"శత్రువుకు రాయి ఏందప్పా?" అని ఊరివాళ్లు నవ్వారు.

"ఆయప్ప లేకుంటే నేను ఈడ ఉందునా?" అన్నాడు నాయన.

చెక్కించడానికి పేరు తెలియదు. సాయంత్రాలు ఆ రాయి పక్కన కూర్చుని, "ఇల్లు చేరినాడో లేదో పాపా, ఒక్కసారి చూడాలని ఉండాది," అనేవాడు.

చివరి జబ్బులోనూ అదే అడిగాడు.

"చేరే ఉంటాడు నాయనా," అన్నాను. నీకెలా తెలుసని ఆయన అడగలేదు.