ఎద్దుల ఉలవలూ అమ్మ పథ్యమూ

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాకంటే ఎద్దులే బాగా తినేవి. ఇది కోపంతో అంటున్న మాట కాదు, ఉన్నమాటే. మా పల్లె జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో ఉండేది. మా నాయన గనుల దగ్గర నాపరాళ్ళు బండికెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళకు తోలేవాడు. ఆ రెండు ఎద్దులు నడిస్తేనే మా పొయ్యి వెలిగేది. అందుకని ప్రతి సాయంత్రం పెద్ద కుండలో వాటికి ఉలవలు ఉడికేవి. ఉడికిన నీళ్ళు వంచుకుని, ఇంత చింతపండు పిసికి, మేము చారు కాచుకునేవాళ్ళం. గింజలన్నీ ఎద్దుల తొట్టిలోకి పోయేవి. సారమంతా నీళ్ళలోకే దిగిపోతుందని మా వాళ్ళ నమ్మకం. పైగా ఎద్దుల దాణా తిన్నామని తెలిస్తే వీధిలో తలెత్తుకోలేమని భయం.

ఆ ఇంటికి పెద్ద మా జేజి, అంటే మా నాయన తల్లి. ఆమె ఒక మాటంటే మా వీధిలో రెండో మాట ఉండేది కాదు. ఎవరింట్లో కాన్పయినా బాలింతకు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో ఆమెను అడిగే చేసేవాళ్ళు. అక్షరమ్ముక్క రాకపోయినా ఆ విషయంలో తనకు తెలియనిది లేదని ఆమెకు గట్టి ధీమా.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా చెల్లెలు పుట్టింది. జేజి అమ్మకు పథ్యం మొదలుపెట్టింది. పాత బియ్యం వండిన అన్నం, వెల్లుల్లి కారం, అంతే. పప్పు తింటే బిడ్డకు వాతం, చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, తింటే పైత్యం, అలసందల పేరే ఎత్తకూడదు. నెయ్యీ పాలూ ఉండే ఇళ్ళలో ఆ పథ్యం ఎట్లాగో గడిచిపోయేదేమో గానీ మా ఇంట్లో ఆ రెండూ లేవు. నెల తిరిగేసరికి అమ్మ గోడ పట్టుకుని లేచే స్థితికి వచ్చింది. ఒకరోజు నీళ్ళ బిందె ఎత్తబోయి గడపలోనే కూలబడింది. పాలు పడక చెల్లెలు ఏడ్చి ఏడ్చి, చివరికి గొంతు పోయి పిల్లికూనలా మూలిగేది. ఆ బిడ్డ బతకదేమోనని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరూ అదే అనుకుంటున్నారని మాత్రం నాకు తెలుసు. 

అప్పుడే జమ్మలమడుగు ఆసుపత్రి నుంచి పల్లెలకు తిరిగే నర్సమ్మ మా ఇంటికొచ్చింది. అమ్మ కనురెప్పలు కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదంది. పాలు, గుడ్లు, మాంసం పెట్టాలని, లేకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని చెప్పి, పక్క ఊరికి పోయే బస్సు అందుకోవాలని గబగబా వెళ్ళిపోయింది.  నాయన అరుగు మీద నుంచి లేచి, ఎల్లుండి సంతకు బండికి కుడివైపు కట్టే వలపటి ఎద్దును తోలుకుపోయి అమ్మేస్తానన్నాడు. జత విడిపోతే బండి కదలదని నాకు కూడా తెలుసు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె భుజాలు అదరడం చూసి నేనూ ఏడ్చాను.

మరుసటి రోజు పొద్దున్నే జేజి ఇంట్లో ఉన్న కుండలన్నీ దించింది. ఒక పాత తువ్వాలు పరిచి, ఉన్న గింజలు తలా ఒక గుప్పెడు తీసి, చిన్న చిన్న గుడ్డపేలికల్లో ముడులు కట్టింది. ఉలవలు, అలసందలు, పెసలు, చెనిక్కాయ విత్తనాలు, కొర్రలు, జొన్నలు, రాగులు. అన్నీ తువ్వాల్లో మూటగట్టి నన్ను వెంట రమ్మంది.

"ఆ నర్సమ్మ మనింట్లో ల్యానియ్యే చెప్పిపాయె. ఉండేటియి సూపించొద్దాం పా పాపా" అంది.

జమ్మలమడుగు దాకా నడిచాం. ఆసుపత్రి వసారాలో జనం బారులు తీరి ఉన్నారు. మా వంతు వచ్చాక జేజి ఆ నర్సమ్మ ముందు నేల మీద చతికిలబడి, ఒక్కో ముడీ విప్పి వరసగా పెట్టింది. ఆ నర్సమ్మకు జేజి కూతురంత వయసు కూడా ఉండదు.

"పాలు, గుడ్లు మా కొంపలో ల్యావు తల్లీ. ఇయ్యి ఉండాయి. వీట్లో మాంసం పని జేసేది ఏదన్నా ఉంటే సూపించు."

వెనక నిలబడిన వాళ్ళు నవ్వారు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. తానూ కిందికి దిగి జేజి ఎదురుగా కూర్చుంది. జొన్నలు, కొర్రలు, రాగులు ఒక పక్కకు జరిపింది. ఉలవలు, అలసందలు, పెసలు, చెనిక్కాయలు ఇంకో పక్కకు జరిపింది. మొదటివి కడుపు నింపుతాయని, రెండోవి కండ పెడతాయని, ఏ పూట తిన్నా ఈ పక్కవీ ఆ పక్కవీ కలిపి తినాలని చెప్పింది. గుడ్డు దొరికిన రోజు పెట్టమంది, దొరకని రోజు వీటిని మానొద్దంది. తర్వాత ఆ గింజలవైపు చూస్తూ నిదానంగా అడిగింది, ఇన్ని ఇంట్లో పెట్టుకుని బాలింతను ఉత్త వెల్లుల్లి కారంతో ఎవరు ఉంచారని.

జేజి ఏమంటుందోనని నేను ఆమె మొహంలోకి చూశాను. పక్కింటివాళ్ళ మీదికో, ఊరి ఆచారం మీదికో నెట్టేయొచ్చు. అట్లాంటి మాటలు మా జేజికి వెతుక్కోనక్కర్లేదు, నోటి చివరే ఉంటాయి.

"నేనే పెట్నాను తల్లీ" అంది.

ఆ తర్వాత వాతం సంగతి అడిగింది. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలకొచ్చాక మెత్తగా ఉడికించి, కొంచెం కొంచెంగా మొదలుపెట్టమని నర్సమ్మ చెప్పింది. ఉలవల నీళ్ళు ఒక్కటే తాగితే చాలదని, గింజ తినాలని రెండుసార్లు చెప్పింది. రక్తం పట్టే మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చింది. జేజి ఒక్కో మాటా వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, మళ్ళీ అప్పజెప్పి, సరిగ్గా ఉందా అని అడిగి మరీ లేచింది.

  తిరుగుదారిలో సగం దూరం వచ్చాక జేజి ఒక రాయి మీద కూర్చుని, ఎటో చూస్తూ, "ఎద్దుల్ని సాకను శాతనయ్యింది గానీ కోడల్ని సాకను శాతకాలే పాపా" అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ సాయంత్రం నాయన ఉడికిన ఉలవల కుండ ఎత్తి తొట్టిలో పోయబోతుంటే జేజి అడ్డం వెళ్ళి రెండు గుప్పిళ్ళు గిన్నెలోకి తీసుకుంది. రాళ్ళు లాగే ఎద్దుకు తిండి తగ్గిస్తే ఎట్లా అని నాయన గొణిగాడు.

"రెండు గుప్పిళ్ళు తగ్గితే ఎద్దు పడిపోదు నాయనా. తగ్గకపోతే నీ పెండ్లాం పడిపోతాది. ఎద్దును అమ్మేది ఈ సంతకు ఆపు. అవతల సూద్దాం."

గోడ అవతల నుంచి పక్కింటామె తొంగి చూసింది. "ఏందత్తా, బాలింతకు ఎద్దుల దాణా పెడతాండావా?" అంది. ఇంకెవరైనా అయితే గిన్నె కొంగు చాటున దాచుకునేవాళ్ళు. జేజి గిన్నెతో సహా వీధిలోకి నడిచి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలింది. "పెడతాండా. ఇన్నాళ్ళూ నేను చెప్పిన పథ్యం తప్పంట. మీ ఇండ్లల్లో ఎవురన్నా నా మాట ఇని పెడతాంటే మానుకోండి" అని అందరికీ వినపడేట్టు చెప్పి లోపలికొచ్చింది.

అమ్మ ఆ గిన్నె ముట్టుకోలేదు. నెలరోజులుగా వద్దని చెప్పిన అత్తే ఇప్పుడు తినమంటోంది. ఇది పరీక్షో, ఎత్తిపొడుపో అర్థం కాక బిక్కుబిక్కుమంటూ చూసింది. జేజి ఆమె ఎదురుగా కూర్చుని, గింజలు సంగటిలో మెదిపి ముద్ద చేసి అమ్మ చేతిలో పెట్టింది. "తప్పు నాదమ్మా. తిను" అంది. అమ్మ ఏడుస్తూనే తినింది. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని తినడం నేను చూడటం అదే మొదలు.

ఆ సంతకూ, ఆ తర్వాతి సంతకూ నాయన ఎద్దును తోలలేదు. ఎద్దులకు తగ్గిన దాణాకు బదులు జేజి కోతలైన చేలల్లో తిరిగి కాయలు తీసేసిన చెనిక్కాయ కట్టె అడుక్కొచ్చి మేపింది. అమ్మకు ఒకరోజు మొలకెత్తిన ఉలవల గుగ్గిళ్ళు, ఒకరోజు అలసందల కూర, సంగటిలోకి ఎప్పుడూ దంచిన చెనిక్కాయల పొడి. అమ్మ గోడ వదిలేసి నడవడానికి నెలకు పైనే పట్టింది. పాలు మాత్రం అంతకంటే ముందే పడ్డాయి. చెల్లెలి గొంతు తిరిగొచ్చింది. ఆ గొంతు ఇప్పుడు పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి, తోటలో కూలోళ్ళ మీద అరుస్తుంటే రోడ్డు మీదికి వినిపిస్తుంది.

నేను ప్రొద్దుటూరులో కాపురం పెట్టి నలభై ఏళ్ళు దాటింది. నెల సరుకులకు పోతే ఈరోజుకీ ముందు ఉలవలు, అలసందలు, చెనిక్కాయ విత్తనాలు కట్టించాకే మిగతావాటి జోలికి పోతాను. డబ్బాల్లో ప్రోటీన్ పొడి తెచ్చుకునే మా మనవరాలు నన్ను చూసి నవ్వుతుంది. నవ్వనీ. నా గుగ్గిళ్ళు అయిపోయేది కూడా ఆమె చేతిలోనే.

తిండి సంగతి తొందరగానే పట్టుబడింది గానీ జేజి దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. నాకూ జేజి నోరే వచ్చింది. పోయినేడు మనవడికి జ్వరమొస్తే నాకు తెలిసిన పథ్యమేదో పెట్టబోయాను. మా కోడలు భయపడుతూనే "అట్లా కాదత్తా" అంది. నాకు ఒళ్ళు మండింది. నీకేం తెలుసు అనబోయాను. ఆసుపత్రి వసారాలో, అంతమంది నవ్వుతుంటే, కూతురంత పిల్ల ముందు నేల మీద కూర్చున్న మా జేజి కళ్ళముందు మెదిలింది. చేతిలో గిన్నె కింద పెట్టి, "ఏం చేయాలో చెప్పు" అన్నాను. ఆ మూడు మాటలు అనడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది. మా జేజికి ఒక్క పూట పట్టింది.