మా ఫిజా చేతికి మ్యాచ్ బంతి

మా ఫిజా సాఫ్ట్‌బాల్ ఆడుతుందంటే ఇక్కడ దుబాయ్‌లోని మనవాళ్లలో సగం మంది, క్రికెట్టా అని అడుగుతారు. క్రికెట్ కాదు. ఇందులో బంతి వేసే పిల్ల చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి తుంటి పక్క నుంచి విసురుతుంది. ఆ పిల్లను పిచర్ అంటారు. మా ఫిజా పిచర్. ఏడాది పాటు పేరుకు మాత్రమే పిచర్. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మాది ధర్మవరం పక్క పల్లె. దూదేకులవాళ్లం. నేను ఐదో తరగతితో బడి మానేశాను. మా ఆయన యాసీన్ దుబాయ్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. నేను ఆయన దగ్గరికి వచ్చినప్పుడు ఆడపిల్లలిద్దరినీ మా అమ్మ దగ్గర ఉంచాము. ఊళ్లో డ్రిల్లు మాస్టారు వాళ్లకు ఈ ఆట నేర్పాడు. చిన్నది ఫిజా వేసేది, పెద్దది బుష్రా ఎదురుగా కూర్చుని పట్టేది. కరోనా కాస్త తగ్గిన ఏడు బుష్రా డెంగీ జ్వరంతో పోయింది. నేను విమానం దిగేసరికి మట్టి చేసేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఫిజాను వెంట తెచ్చుకున్నాను. నా కళ్లెదుట ఉంటే చాలనుకున్నాను.

ఇక్కడికి వచ్చాక అది మాటలు మానేసింది. అల్ వర్సాన్‌లో మేముండే బిల్డింగు వెనక ఒక గోడౌను గోడ ఉంది. సాయంత్రమైతే ఆ గోడకు బంతి వేస్తూ ఉండేది. వేయడం, ఏరుకోవడం, మళ్లీ వేయడం. పట్టేవాళ్లు లేరు కదా.

మా ఆయన శని ఆదివారాల్లో ఒక ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ టీముకు కూడా బస్సు నడిపేవాడు. ఊరూరా తిరిగి ఆడే టీం అది. కోచ్ నవీన్ కుమార్ సారు, విజయవాడ మనిషి, ఇక్కడేదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ఒక రోజు ఫిజాను తీసుకెళ్లి ఆయన ముందు బంతులు వేయిస్తే ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

"యాసీన్ భాయ్, ఈ చెయ్యిని ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా!" అన్నాడు.

టీములో పెట్టుకున్నాడు. నా పిల్లకు మళ్లీ నోరు వస్తుందని సంబరపడ్డాను.

తీరా జరిగింది ఇది. ప్రాక్టీసులో మిగతా పిల్లలు బ్యాటింగ్ చేయాలంటే ఎవరో ఒకరు వాళ్లకు బంతులు వేయాలి. ఆ బంతుల బుట్ట ఫిజా ముందు పెట్టారు. "నెమ్మదిగా, బ్యాటుకు తగిలేట్టు వెయ్యమ్మా" అనేవాడు సారు. ఇది వేసేది, వాళ్లు బాదేవాళ్లు, మళ్లీ ఇదే పోయి ఏరుకొచ్చేది. మ్యాచ్ రోజున మాత్రం ఉతికిన యూనిఫారం వేసుకుని బెంచి మీద కూర్చునేది. అబుదాబి పోయినా బెంచే, షార్జా పోయినా బెంచే. పిచింగ్ అంతా ఎలీనాదే. ఎలీనా మంచి పిల్ల, దాన్ని అనడానికి ఏమీ లేదు. కానీ మ్యాచ్ ఆడిన పిల్ల కన్నా ఆడని పిల్లకే ఎక్కువ భుజం నొప్పి రావడం ఏం న్యాయం? ఇంటికొచ్చాక ఆ భుజానికి ఉప్పు మూటతో కాపడం పెడుతూ నేను పళ్లు కొరికేదాన్ని.

"ఏమయ్యా, ఒగసారి సారును అడిగితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అన్నాను మా ఆయనతో.

"నువ్వు గమ్మునుండుమే. మనము అడిగితే ఉండేది గూడా పోతాది. డ్రైవరు కూతుర్ని పెట్టుకోవడమే ఎక్కువ."

"బస్సు నడిపేది నువ్వు. బంతి వేసేది అది. నీ డ్యూటీ దానికెందుకు అంటగడతావు?"

ఆయన బస్సు తాళాలు తీసుకుని బయటికి పోయాడు. నేనూ అంతటితో ఊరుకున్నాను. బుష్రా పోయినప్పటి నుంచి నాకు నలుగురిలో నోరు తెరవడమే కష్టంగా ఉండేది.

చలికాలం చివర్లో అల్ ఐన్‌లో టోర్నమెంటు జరిగింది. ఆ ఏటికి అవే ఆఖరి మ్యాచులు. అవి కూడా బెంచి మీదే అయిపోతే ఇక బంతి ముట్టనని ఫిజా నాతో చెప్పింది. ఏడ్చి చెప్పలేదు. పళ్లెంలో అన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పింది. నాకు భయం వేసింది.

మొదటి రెండు మ్యాచులూ అట్లాగే పోయాయి. మూడో స్థానం కోసం ఆడే మ్యాచ్ ఒక్కటే మిగిలింది. నీడలో నా పక్కన ఎలీనా వాళ్లమ్మ ప్రేమకుమారి కూర్చుని ఉంది. ఆమె ఆస్పత్రిలో నర్సు.

"మా పిల్ల చెయ్యి లాగేస్తోందంటోందండీ హుస్సేనమ్మ గారూ. మీ అమ్మాయి ఒక్క ఇన్నింగ్స్ వేసినా బాగుండును. పాపం తనకి మ్యాచులంటే ఇష్టం లేదట కదా?"

"ఎవరు చెప్పినారండీ?"

"సారే అన్నారండీ. వాళ్ల నాన్నే చెప్పాడట."

నేను లేచి నేరుగా కోచ్ దగ్గరికి నడిచాను. ఫిజాకు మ్యాచులు ఇష్టం లేదని మా ఆయన ఎప్పుడు చెప్పాడని అడిగేశాను.

"ఇందులో నేను దాచిందేం లేదమ్మా," అన్నాడాయన. "ప్రతి మ్యాచుకీ ముందు యాసీన్ భాయ్‌ని అడుగుతూనే ఉన్నాను. ఇవాళ ఫిజాని బెంచి మీద కూర్చోబెడితే ప్రాబ్లమా అని. మాఫీ ముష్కిల్ సార్ అంటాడు. ఏడాదంతా అదే మాట. ఇక నేనేమనుకోవాలి?"

మాఫీ ముష్కిల్ అంటే ఏ ఇబ్బందీ లేదని. ఇక్కడ పని చేసేవాళ్ల నోట్లో ఊపిరిలా తిరిగే మాట అది. ముదీరు, అంటే మేనేజరు, ఇంకో ట్రిప్పు వేయమంటే మాఫీ ముష్కిల్. సెలవు రద్దంటే మాఫీ ముష్కిల్. బుష్రా పోయిన రోజు, ఇంకో డ్రైవరు దొరికేదాకా కదలొద్దని కంపెనీ వాళ్లు చెబితే మా ఆయన ఫోనులో అన్నది ఆ మాటే. అందుకే ఊరికి నేనొక్కదాన్నే పోయాను. కన్నబిడ్డ మట్టికి పోలేని మనిషి అన్న మాటను ఈ కోచ్ సారు ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాడు!

"సారూ, మీరు తెలుగాయన. ఇన్నేళ్లుగా ఈ దేశంలో ఉండారు. డ్రైవరు సారుతో ఇంకేమంటాడు? నీ బస్సు ఎత్తుకుపోతానన్నా అదే అంటాడు. తెలిసే అడిగినారు. అడిగితే ఆడే బిడ్డను అడగాల గదా!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తల్లులందరూ ఇటు తిరిగారు. మా ఆయన బస్సు దిగి పరుగున వచ్చాడు.

"ఏమ్మే, మెల్లగా. అందరూ చూస్తాండారు."

"చూడనీ. ఏడాది నుంచి దాన్ని ఎవరూ చూల్లేదు గదా."

సారు ముఖం ముడుచుకుని ఫిజాను పిలిచాడు. "మ్యాచ్‌లో వెయ్యాలనుందా అమ్మా?"

పిల్ల ముందు వాళ్ల నాయన ముఖం చూసింది. "ఏం ఫర్లేదు సార్, మీ ఇష్టం" అంది.

తండ్రి బుద్ధి అచ్చుగుద్దినట్టు దిగిపోయింది పిల్లకు.

"పాపా, మీ నాయన్ను చూడొద్దు. సారును చూసి చెప్పు" అన్నాను.

చేతి తొడుగు తాడు లాక్కుంటూ నిలబడింది. "వెయ్యాల సార్," అంది చివరికి. "వేసేదానికే గదా నేను వస్తాండేది."

మ్యాచ్ బంతి ఇచ్చారు. నేను చూడలేక చూశాను. మొదటి ఇన్నింగ్స్‌లో ఏది వేసినా అవతలి పిల్లలు బాదేశారు. బంతులు గడ్డి మీద అటూ ఇటూ పరుగెడుతుంటే మనవాళ్లు వెంటపడి రొప్పారు. ఇన్నింగ్స్ ముగిశాక కోచ్ నా వైపు తిరిగి చేతులు చాపాడు.

"చూశారామ్మా? ఇందుకే."

నేను నోరు తెరిచేలోపే ఎలీనా అడ్డం వచ్చింది. "అదేంటి సార్, ప్రాక్టీసులో మాకు వేసినట్టే వేస్తోందది! కొట్టేలా వెయ్యమని మీరేగా ఏడాదంతా చెప్పారు? ఇంకో ఇన్నింగ్స్ ఇవ్వండి." తర్వాత ఫిజా భుజం మీద ఒక్కటి చరిచింది. "ఒసేయ్, వాళ్లు మన టీం కాదే. వాళ్లకెందుకే అంత మర్యాద? తగలకుండా వెయ్యి!"

సారు అలవాటు కొద్దీ మా ఆయన వైపే చూశాడు. "ఏమంటావ్ భాయ్, తీసేద్దామా?"

యాసీన్ పెదాలు కదిలాయి. నేను ఆయన్నే చూస్తున్నాను. "నన్ను అడగొద్దు సార్. పాపను అడగండి" అన్నాడు.

ఫిజా అప్పటికే బంతి పట్టుకుని వేసే చోటికి నడుస్తోంది.

రెండో ఇన్నింగ్స్‌లో మొదటి బంతి పట్టే పిల్ల తల మీదుగా పోయింది, తర్వాతి మూడూ గురి తప్పాయి. నాలుగు తప్పితే కొట్టకుండానే పోవచ్చు కాబట్టి ఆ బ్యాటర్ ఊరికే నడిచి మొదటి బేస్‌కు పోయింది. తర్వాతి పిల్ల మూడుసార్లు బ్యాటు తిప్పి మూడుసార్లూ గాలినే కొట్టి అవుటయింది. ఇంకో పిల్ల గట్టిగా కొట్టింది, ఒక పరుగు వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు అవుటయ్యారు. గోడౌను గోడకు వేసినప్పటి చేయి నాకు మళ్లీ కనిపించింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం కొట్టలేకపోయాను. ఈ చేతితో ఏడాదంతా బుట్ట మోయించారే అన్న ఉక్రోషమే నిండుగా ఉంది.

మూడో ఇన్నింగ్స్‌కు ఫిజాను తీసి ఎలీనాను పెట్టాడు సారు. చివరికి మ్యాచ్ ఓడిపోయాము.

తిరుగు దారిలో ఫిజా నా పక్కన కూర్చుని ఒకటే సణుగుడు. "నన్నెందుకు తీసేసినాడుమా? ఎలీనా చెయ్యి నొస్తాందని చెప్పింది గదా. చెయ్యి కుదిరింది అప్పుడే. వచ్చే ఏడు మొదటి మ్యాచులో మొదటి ఇన్నింగ్స్ నాకే కావాల."

"నాకెందుకు చెప్తావు? సారు ముందర సీట్లోనే ఉండాడు" అన్నాను.

లేచింది. సీట్ల కడ్డీలు పట్టుకుంటూ ముందుకు పోయింది. నడిచే బస్సులో లేస్తే పిల్లల మీద అరిచే మా ఆయన అద్దంలో చూసి, వేగం కాస్త తగ్గించాడు.

సారు విని "చూద్దాంలేమ్మా" అన్నాడు.

"చూద్దాం కాదు సార్," అంది మా ఫిజా, అక్కడే నిలబడి. "ఇస్తారా, ఇవ్వరా?"