ఎర్రమట్టి కూత

సాలువా ఊరికెళ్లే బస్సు ఆలస్యంగా వస్తుందని నేనెన్నడూ అనలేదు. దానికంటూ ఒక వేళ ఉంటే కదా, ఆలస్యం. ఆ వేసవి ఉదయం కూడా ఇందా బస్టాపులో అలాగే పడిగాపులు పడుతున్నాను. పక్కన ఒకాయన పెద్ద పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాస్త ఎడంగా బొట్టు లేని ఒకావిడ.

"రేడియోనా?" అన్నాను, తెలివిగా.

"నేలలో బాంబులు ఎతికే మిసను బాబూ. పటాలంలో అదే నా పని."

మూత తీసి, మర తిప్పి చూపించాడు. కూత ఆగీ ఆగనట్టుండే చోట మరను నిలపాలట. మట్టిలోని ఇనుముకు బొంగురుగా మూలుగుతుంది, బాంబుకైతే సన్నగా కీచుమంటుంది. మర మరీ తగ్గిస్తే బాంబున్నా పలకదట.

"మా తమ్ముడి పొలం పాత యుద్ధకాలం ఇమానాల మైదానం పక్కన. ఎర్రమట్టి కదా, అడుగడుక్కీ మూలుగే. మర తగ్గించేసినాను. సప్పుడాగింది. దున్నుకోరా అన్నాను."

రెండో చాలులోనే బాంబు పేలి తమ్ముడు పోయాడట. ఆవిడ ఆ తమ్ముడి భార్య. మిగిలిన పొలమంతా ఇప్పుడు మళ్ళీ వెతకాలి, ఆవిడకు విత్తనం చల్లక తప్పదు కనుక.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రేడియో ఎంత గరగరమన్నా నేను తగ్గించలేదు. మావాళ్లు చెవుడనుకున్నారు.

ఆ ఉదయం మాత్రం, బి.ఎ. చదివినవాణ్ణి కదా, ఊరికే ఉండలేకపోయాను. "నేలే అలాంటిదైతే మీరేం చేస్తారండీ?"

"అంతే బాబూ, నేలదే తప్పు," అన్నాడాయన.

ఆవిడ మొదటిసారి ఇటు తిరిగింది.

"సెవులు నొప్పెడుతున్నాయని తగ్గించినావు బావా. అది సెప్పు."