మస్తాన్ మామ గుండుసూది గుచ్చిన ఆఖరి చీటీ

నిన్న పొద్దున నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఫస్ట్ పీరియడ్ కాకముందే ఫోన్. మస్తాన్ మామ పోయాడని.

"ఏ మస్తాన్?" అని అడిగాను.

తెలిసే అడిగాను. మా పొదిలిలో ఆ పేరు చాలామందికి ఉంది. వేరే ఎవరో అయితే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. పాపమో ఏమో, అనుకున్న మాట నిజం.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రం కూడా ఎవరి చీరకో ఫాల్ కుట్టి ఇచ్చాడట.

మీ అందరికీ ఆయన లేడీస్ టైలర్. నాకు మాత్రం కథలు రాయడం నేర్పిన గురువు.

నేను రాసేవి కోజీ మిస్టరీలు. రక్తం, పోలీసులు లేని డిటెక్టివ్ కథలు. ఊళ్ళో ఏదో ఒక వస్తువు పోతుంది, ఊళ్ళోవాళ్ళే కూపీ లాగుతారు. మామ మిషన్ సొరుగులో దారపు ఉండల కింద ఎప్పుడూ ఒక పాత డిటెక్టివ్ నవల ఉండేది. అది చూసి, నేనూ రాస్తుంటాను మామా అని ఒకరోజు నోరు జారాను.

ఇక వదిలితేనా.

మొదటి కథలో నేను హత్య చేయించాను. చదివి పక్కన పెట్టేశాడు.

"చంపమాకమ్మా. దొంగ అనేవాడు దొరికినాక, మర్నాడు మళ్ళీ అదే టీ కొట్టు కాడికొచ్చి మనతో టీ తాగాల. అట్టాంటి తప్పే చేయించు."

నేను చదివిన ఏ రైటింగ్ టిప్స్‌లోనూ ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

రెండో కథలో కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు పోతాయి. అందరూ భోజనాలకు వెళ్ళిన టైంలో, మిట్టమధ్యాహ్నం, దొంగ చప్పుడు కాకుండా టిక్కీలకు, అంటే పెద్ద గోతాలకు, ఎత్తుకుపోయాడని రాశాను. మామ కళ్ళజోడు పైకి జరిపి నా వైపు అదోలా చూశాడు. ఆ ఎండలో కాయ గలగలా మోగుతుందని, టిక్కీలో వేసి తొక్కితే మిగిలేది కారం పొడేనని, మంచు పడి కాయ మెత్తబడ్డాక తెల్లారగట్ల తొక్కుతారని చెప్పాడు. మా నాన్న పాతికేళ్ళుగా మిరప వేస్తున్నాడు. రైతు కూతురికి టైలర్ చెప్పాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చాను.

ఆ పొరపాటునే ఆధారం చేసుకోమన్నాడు. కళ్లంలో పొడైపోయిన కాయలు కనపడితే, దొంగకి మిరప సంగతి తెలియదని తెలిసిపోతుంది కదా అన్నాడు. ఆధారాన్ని దాచిపెట్టకూడదట. అందరి కళ్ళ ముందే పెట్టాలట, చూసేవాడు చూస్తాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. చివరి చాప్టర్ లేకుండా కథ ఇవ్వమనేవాడు. చదివి, దొంగ పేరు చీటీ మీద రాసి, మడిచి, గుండుసూదితో ఆ కాగితాలకే గుచ్చేవాడు. నేను ముగింపు చదివి వినిపించాక చీటీ విప్పేవాడు.

ఆరు కథలు. ఆరుసార్లూ ఆయన చీటీయే కరెక్ట్.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి మామ చీటీ తప్పవ్వాలి. నాకున్న పట్టుదల అంతా అదే. అది జరిగిన రోజున నాకు రాయడం వచ్చినట్టు అనుకున్నాను.

అందుకే ఏడో కథలో డిటెక్టివ్‌గా ఒక టైలర్‌ని పెట్టాను. కొట్లో పెళ్ళికూతురి జాకెట్టు మాయమవుతుంది. టైలర్ ఊరంతా తిరిగి ఆరా తీస్తాడు. తీరా చూస్తే తీసింది ఆయనే. ఇస్త్రీ చేస్తూ కాల్చేసి, చెప్పలేక దాచేశాడు. ఇస్త్రీ బల్ల మీద కొత్తగా కాలిన మచ్చని మాత్రం మొదటి పేజీల్లోనే, మామ చెప్పినట్టు అందరి కళ్ళ ముందే పెట్టాను. తన మీద తనకు అనుమానం రాదులే అని నా ధీమా. ఈ ఆదివారం ముగింపు చదివి వినిపిస్తానని చెప్పాను. ఆ చివరి పేజీలు రెడీగానే ఉన్నాయి. ఊరించాలని ఇవ్వలేదు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

నిన్న మధ్యాహ్నం మామను తీసుకెళ్ళాక, ఆయన భార్య ఖాసింబీ అత్త లోపలికి పిలిచి, ముగింపు లేకుండా నేనిచ్చిన ఏడో కథ కాగితాలు చేతిలో పెట్టింది. రెండు రోజులుగా తలగడ పక్కనే పెట్టుకున్నాడట.

గుండుసూది ఉంది. చీటీ ఉంది.

అత్త ముందే విప్పాను.

"టైలరే. నీ పెళ్ళి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమ పక్కకే కత్తిరించానని నీకెప్పుడు తెలిసిందమ్మా? ఇస్త్రీ కాలిందని మార్చి రాసి నా పరువు కాపాడావు."

నాకేమీ తెలియదు. నేను ఊరికే కల్పించి రాశాను.

పదకొండేళ్ళ క్రితం నా పెళ్ళికి జాకెట్టు ముందురోజు రావాలి. మిషన్ బెల్టు తెగిందన్నాడు. పెళ్ళిరోజు పొద్దున్నే స్వయంగా ఇంటికి తెచ్చి ఇచ్చి, టిఫిన్ కూడా తినకుండా వెళ్ళిపోయాడు. మా అమ్మ బెల్టును తిట్టింది. అంతే, మర్చిపోయాం.

ఇందాక బీరువాలోంచి ఆ జాకెట్టు తీశాను. కుడి చెయ్యి, చంక కింద, బొటనవేలంత అతుకు. బట్ట మీది డిజైన్ పువ్వుకి పువ్వు కలిపి కుట్టాడు. ఎన్ని ఫంక్షన్లకు వేసుకున్నానో. ఎన్నిసార్లు నా చేత్తోనే ఇస్త్రీ చేశానో. ఒక్కసారీ నా కంట పడలేదు.

ఏడోసారీ నువ్వే గెలిచావు మామా.

ఆ అతుకు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. కొంచెం నవ్వాను కూడా.

మా ఊళ్ళో ఆడవాళ్ళం కబరస్తాన్‌కి వెళ్ళం. అందుకే ముగింపు ఇక్కడే వినిపిస్తున్నాను. కథలో టైలర్ తప్పు ఒప్పుకుంటాడు. పెళ్ళికూతురు ఒక్క మాట కూడా అనదు. మర్నాడు ఆయన కోసం టీ తెప్పిస్తుంది.

నువ్వు దొరికిపోయావు. నీ రూలు ప్రకారం నీకు నా చేతి టీ బాకీ.

హాయిగా పడుకో మామా. ఆ పైవాడు నిన్ను చల్లగా చూసుకోవాలి.