నిమ్మా, బత్తాయా

ఇంత చిన్న సంగతి రాయొచ్చో లేదో నాకు తెలియదు. పోయిన ఎండాకాలం గిద్దలూరు బస్సులో, కంభం దగ్గర ఎక్కిన ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. మేకలు కాసే మనిషి. కొత్త చొక్కా వేసుకున్నాడు. చేతిలో రెండు చిన్న అత్తరు సీసాలు ఉన్నాయి.

“ఒకటి నిమ్మ, ఒకటి బత్తాయంట. ఎండకి రెండూ సల్లగుంటాయని దుకాణమాయన చెప్పినాడు. ఏది పూసుకోవాలో నువ్వు చెప్పన్నా,” అన్నాడు.

“రెండూ పూసుకో.”

“జ్యూసు బండి వచ్చిందంటారు.”

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. కూతురు గిద్దలూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పోయినసారి వెళ్లినప్పుడు తోటి పిల్లలు మేకల కంపు కొడుతున్నాడని ముక్కులు మూసుకున్నారట. పాప తల దించుకుందట.

“ఈసారి నా దగ్గరికి వస్తాదో రాదో,” అన్నాడు.

రెండు మూతలూ తీసి వాసన చూశాను. బత్తాయి తియ్యగా, మెత్తగా ఉంది. నిమ్మ ఘాటుగా ఉంది.

“నిమ్మే పూసుకో. అదైతే ఆ వాసనని కమ్మేస్తాది,” అన్నాను.

ఆయన మెడకు, చేతులకు, చొక్కా కాలరుకు కూడా పూసుకున్నాడు.

హాస్టలు ముందర బస్సు ఆగింది. ఆయన దిగగానే, గేటు దగ్గరున్న పాప పరుగెత్తుకొచ్చి ఆయన్ని వాటేసుకుంది. వెంటనే ముఖం వెనక్కి తీసుకుని చొక్కా వాసన చూసింది.

“ఇదేంది నాయనా? మేకల్ని అమ్మేసినావా?” అని ఏడుపు గొంతుతో అడిగింది.

“లేదు తల్లీ, అన్నీ ఉండాయి,” అంటూ ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.