పెద్దమ్మ ఇంటి సరాసరి వయసు

చనిపోయినవాళ్లు తిరిగొస్తారని నేను ఏనాడూ నమ్మలేదు. మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు వాక్యం చెప్తాను. ప్రభువునందు నిద్రించినవాళ్లు ఆయన చేతుల్లో ఉంటారు, మన ఇళ్ల చుట్టూ తిరగరు అని వాళ్లకు నేర్పేది నేనే. ఇప్పుడూ అదే నేర్పుతున్నాను. అయినా ఇది జరిగింది కాబట్టి రాస్తున్నాను.

కర్నూలులో ఒక సర్వే ఆఫీసులో నా ఉద్యోగం. మావాళ్లు ఊళ్లకు పోయి ఇంటింటా అడిగి, ట్యాబ్‌లో ఒక్కో మనిషికి ఒక్కో వరుస నింపుతారు. ఒకే ఇంటి నంబరున్న వరుసలను సాఫ్ట్‌వేర్‌లో కలిపి, ఇంటికి ఒక్క వరుసగా చెయ్యడం నా పని. ఇంట్లో ఎంతమంది, వాళ్ల సరాసరి వయసెంత, అన్నీ అందులో వచ్చేస్తాయి.

పోయిన ఎండాకాలం ఆలూరు పక్క ఊళ్ల సర్వే వచ్చింది. ఒంటరిగా బతికే ముసలివాళ్లకు రోజూ వండిన అన్నం పంపాలని ఒక సంస్థ తలపెట్టింది. ఇంట్లో ఒక్కరే అని తేలితేనే అన్నం. ఆ ఊళ్లలో ఒకదాంట్లో మా అమ్మ అక్క రాహేలమ్మ ఉంటుంది. డెబ్బై ఏళ్లు. చేతులు వణుకుతాయి. అంతకుముందే ఒకసారి పొయ్యి దగ్గర చీర అంటుకుంది, పక్కింటివాళ్లు చూడబట్టి బతికింది. కర్నూలుకు రమ్మంటే రాదు. ఇంటికి తాళం వేస్తే యోసేపు వచ్చి చూసుకుని వెళ్లిపోతాడంటుంది.

యోసేపు ఆమె ఒక్కగానొక్క కొడుకు. తొమ్మిదేళ్ల కిందట సుగ్గికి, అంటే మిరపకాయల కోతకు, గుంటూరు వైపు పోయాడు. అప్పటికి వాడికి ఇరవై నాలుగు. లారీలో పోయినవాళ్లందరూ తిరిగొచ్చారు, వాడు రాలేదు. పోలీస్ స్టేషన్లు, ఆస్పత్రులు అన్నీ తిరిగాం.

ఆ ఊరి చర్చిలో సుగ్గికి పోయినవాళ్ల పేర్లు ప్రతి ఆదివారం అయ్యగారు చదువుతారు. పేరు రాగానే ఇంటివాళ్లు లేచి నిలబడతారు. క్షేమంగా తిరిగి రావాలని సంఘమంతా ప్రార్థిస్తుంది. మనిషి ఇల్లు చేరితేనే ఆ పేరు ఆపేది. యోసేపు పేరు ఇంకా చదువుతున్నారు. పెద్దమ్మ ఇంకా లేస్తుంది.

ఆ రోజు భోజనాలయ్యాక వరుసలు కలిపాను. పెద్దమ్మ ఇంట్లో ఇద్దరు అని వచ్చింది.

మనుషుల ఫైలు తెరిచాను. ఆ ఇంటి నంబరుతో ఒక్కటే వరుస ఉంది. రాహేలమ్మ, డెబ్బై. మళ్లీ కలిపాను. ఇద్దరు.

పక్క సీట్లో మాబు నవ్వాడు. "ఏమప్పా, మీ పెద్దమ్మ ఇంట్లో ఎవర్నన్నా దాచిపెట్టినావా?"

తన కంప్యూటర్లో తనూ చేసి చూశాడు. ఇద్దరే. ఆ తర్వాత నవ్వలేదు. మిగతా ఇళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి.

సర్వే చేసినతనికి ఫోన్ చేశాను. "ఇద్దరమనే చెప్పింది సార్. సుగ్గికి పోయినోళ్లను రాసుకుంటాం గానీ, తొమ్మిదేండ్లాయ కదా, ఆయప్పను నేను రాయలేదు" అన్నాడు. నిజమే, ఫైల్లో వాడు లేడు.

అప్పుడు సరాసరి వయసు చూశాను. నలభై ఏడు.

పెద్దమ్మకు డెబ్బై. ఇద్దరి సరాసరి నలభై ఏడు రావాలంటే రెండో మనిషికి ఇరవై నాలుగు ఉండాలి. అది యోసేపు సుగ్గికి పోయిననాటి వయసు; ఎక్కడో బతికుంటే ఈపాటికి వాడికి ముప్పై మూడు.

మాబుకు ఆ లెక్క చెప్పలేదు. బయట మెట్ల మీద కూర్చుని ప్రార్థన చేద్దామనుకున్నాను. వాడి కోసం ఏమని అడగాలో తెలియక లేచాను. లోపలికొచ్చి, రెండు ఉన్నచోట నా చేత్తో ఒకటి అని కొట్టాను. ఆ ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే కదా. ఇప్పుడు పెద్దమ్మకు రోజూ క్యారియర్ వస్తోంది.

తర్వాతి ఆదివారం ఊరికి పోయినప్పుడు, ఇద్దరని వచ్చిన సంగతి నోరు జారి చెప్పేశాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"నేను చెప్పలేదా నాయనా? ఆ రాసుకునే పిల్లోడు నవ్వె. మీ మిషనుకు తెలిసె చూడు. ఉండాడు, నా కొడుకు యాడో ఒక తావ ఉండాడు."

సరాసరి సంగతి చెప్పలేకపోయాను.

ఆ రెండో మనిషి లెక్కలోకి ఎలా వచ్చాడో మాబుకూ అంతుపట్టలేదు, నాకూ ఈనాటికీ తెలియదు. దయ్యం అనడానికి నా విశ్వాసం ఒప్పుకోదు. ఇంకేమనాలో నాకు తోచదు.

ఆ రోజు చర్చిలో యోసేపు పేరు చదవగానే పెద్దమ్మ నా భుజం పట్టుకుని లేచింది. నేనూ లేచాను. వాడు క్షేమంగా ఇల్లు చేరాలని సంఘమంతా ప్రార్థించి ఆమేన్ అంది. నా నోరు పెగల్లేదు. ఇప్పటికీ ఆ పేరు దగ్గర పెగలదు.