లెక్కల ఫైల్లో దొంగ పడ్డ రోజు

ఒక కంప్యూటర్ ఫైలు పుణ్యమా అని మా ఇంటి పరువు డోర్నకల్ పెళ్లిపందిట్లో గంగలో కలవబోయిన కథ ఇది. దొంగ ఎవరో చివర్లో చెబుతాను. మీరు ముందే కనిపెడితే మాత్రం పైకి అనకండి.

మా చెల్లె పెళ్లికి ఎవరెవరు ఎందరికి బట్టలు పెట్టారో బాపు ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. వాళ్లింట్లో పెళ్లయితే మనమూ అంతకు తగ్గకుండా పెట్టాలి కదా. నేను కంప్యూటర్ నేర్చిన కొడుకుని కాబట్టి, అదంతా ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి నోటుబుక్కును పాత పేపర్లవాడికి వేసేశాను. బాపు వద్దంటే నవ్వాను కూడా.

మల్లయ్య మామ కూతురి పెళ్లిరోజు పొద్దున, కేసముద్రంలో రైలుకు గంటన్నర ఉందనగా బాపు వచ్చాడు.

"మల్లయ్య మనింట్ల ఎందరికి బట్టలు పెట్టిండో జర చూడు బిడ్డా. దుకాణం తెరిచిన్రు, కొనుక్కొని పోదాం."

దర్జాగా ఫైలు మీద నొక్కాను. తెరుచుకోలేదు. దీన్ని ఇంకెవరో వాడుతున్నారు, తాళం పడి ఉంది అని తెర మీద వచ్చింది. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. అదే మాట. ఫైల్లో దొంగ పడ్డాడని కేకేశాను. మా బట్టల లెక్క దొంగిలించి ఎవడు బాగుపడతాడని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వైఫై ఆపాను, పాస్‌వర్డులు మార్చాను, పక్కింటి కిటికీ వైపు అనుమానంగా చూశాను. ఆ సాఫ్ట్‌వేర్ వేసిచ్చింది మహబూబాబాద్‌లో ఉండే మా బామ్మర్ది. చివరికి వాడికే ఫోన్ చేసి నా ఫైలు ఎందుకు తెరిచావని నిలదీశాను.

"బావా, నేను పత్తి చేన్ల ఉన్న. నీ ఫైలుతోని నాకేం పని?" అన్నాడు. మళ్లీ వాడే, "రాత్రి కరెంటు గిట్ల పోయిందా?" అని అడిగాడు.

పోయింది. నా లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఏడాదైంది, వైరు ఉంటేనే బతుకుతుంది. ఫైలు తెరిచి ఉండగానే ఆరిపోయింది.

"గంతే. ఫైలు తెరిస్తే తాళం పడ్తది, మూస్తే ఊడ్తది. నువ్వు మూయలే. గా తాళం నీదే బావా."

అసలు ఫైలుకు ముందు నకలు తీసుకుని, పక్కనే అదే పేరుతో ఉన్న చిన్న తాళం ఫైలును తీసేయమన్నాడు. చెప్పినట్టే చేశాను. తెరుచుకుంది. మల్లయ్య మామ, బట్టలు, ముగ్గురికి. పోయిన ప్రాణం లేచొచ్చింది.

చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డ బాపు అడిగాడు.

"దొంగ దొరికిండా?"

"దొరికిండు బాపు."

"ఎవడు?"

నేను తల గీరుకున్నాను. ఆయనకు అర్థమైంది. దుకాణంలో మూడు జతలు కట్టిస్తుంటే అన్నాడు.

"నాలుగో జత గూడ తియ్యి. నీ బామ్మర్దికి. దానికి పైసలు నువ్వియ్యి."

రైలు అందింది, పరువు దక్కింది. కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫైలు మూయనిదే లాప్‌టాప్ ముందు నుంచి లేవను. నా తాళం నేను చూసుకోనిదే బామ్మర్దిని దొంగ అనను. ఇంకో జత కొనే స్తోమత నాకు లేదు.